పుట్టికి అతుకు

ఆదోనికి సముద్రము చాల దూరము. అలల పలకపై నిలిచి కెరటముల నెక్కు హవాయి వారి వినోదమును మా యూరివారు బొమ్మలలో చూచుటయే. మాకు నీరనగా తుంగభద్ర. దానిపై తేలునది పుట్టి. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, ఆనెగొందికి జనులను దాటించు గుండ్రని బుట్టపడవలను వర్ణించెను. వానికి వెలుపల తోలు. పదునైదిరువది మందియు, అవసరమైనచో గుఱ్ఱములు, ఎద్దులు కూడ ఎక్కవచ్చునట! తోలు పోయి తారు వచ్చినది. మే మీ వేసవిలో తారునకు మారుగా గాజునూలు గుడ్డయు, ఎపాక్సీ జిగురును వేసి యింటనే యొక పుట్టిని కట్టితిమి.

ఎపాక్సీని 1930ల చివర రూపొందించిన వారిలో స్విట్జర్లాండు రసాయనజ్ఞుడు పియెర్ కాస్టాన్ ఒకడు. రెండు ద్రవములను కొలత తప్పక కలిపినచో అవి తమలో తామే వేడెక్కి గట్టిపడును. తారు మరల కాచిన కరగును. ఇది బిగిసిన పిదప ఎంత కాచినను కరగదు. లోపమును దిద్దవలెనన్న కోసి తీయవలసినదే.

మబ్బు పట్టిన ఉదయమున మొదలిడిన పూతపై నడుమ ఎండ చుఱ్ఱుమన్నది. వెదురుబద్దల సందులలోని గాలి వేడికి ఉబ్బి, గుడ్డ క్రింద బుడగలై నిలిచినది. మా బావగారు చూచి, “ఇంత శ్రమ యేల? నీలిరంగు పూయండి, ఎవరికి కనబడును?” అనిరి. మన యిండ్లలో ఈ సలహా క్రొత్తది కాదు. గోడ చెమ్మకు సున్నము, కోడలి కన్నీటికి పట్టుచీర! కాని యిందులో పిల్ల లెక్కవలెను. 2009 అక్టోబరున మంత్రాలయమును ముంచిన నది యిదియే.

ఏటి యొడ్డున పుట్టి నడుపు ముదుసలి నొకనిని పిలిపించితిమి. అతడు రూపాయి బిళ్లతో అంగుళ మంగుళము తట్టి వినెను. అతికినచోట గట్టి చప్పుడు, విడినచోట బోలు చప్పుడు. మా కన్నులకు తోచినవి ఏడు. అతని చెవికి తోచినవి పదునొకండు. రంగు మాట విని నవ్వి, “పైన రంగేస్తే నీళ్లకు తెలీకుండా పోతాదా సామీ?” అనెను. అక్షరములు రాని యీ పెద్దను మన వీధులలో పసివారు సైతము ఏకవచనమున పిలుతురు. మే మాయనకు కుర్చీ వేసితిమి; చాలసేపటికి గాని కూర్చుండలేదు.

మా అమ్మాయి ముక్కునకు, చేతులకు తొడుగులు ధరించి పనికి పూనుకొన్నది. పైకి తేలిన మైనము వంటి పొరను ముందు నీట కడుగవలెను. లేనిచో పై పూత అంటదు. పిదప విడిన గుడ్డను కత్తితో కోసి, అంచులను ఉప్పుకాగితముతో పలుచన చేసినది. గుంటలకు ఆదోని దూదినే సన్నముగా కత్తిరించి, జిగురుతో పిండివలె కలిపి కూరితిమి. అతుకులను చదరముగా కోయబోవగా, ఎమ్మిగనూరు నుండి వచ్చిన నేతపని మిత్రు డొకరు వారించిరి. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన యూరది. గుడ్డ తత్త్వము వారికి చెప్పవలెనా? మూలలే ముందు లేచును గనుక గుండ్రముగా, గుంటకన్న పెద్దవిగా కోయమనిరి. సాయంకాలము, వస్తువు చల్లారు వేళ, అతికితిమి. అప్పుడు లోని గాలి ముడుచుకొని జిగురును లోని కీడ్చుకొనును.

మూడవనాడు పుట్టిని ఎత్తున నిలిపి, నీరు నింపి, రాత్రియంతయు ఉంచితిమి. ఉదయమున క్రింద పఱచిన వార్తాపత్రిక ఒక్కచోట తప్ప పొడిగా నున్నది. అమ్మాయి ఆ చోట మరల కత్తి పెట్టినది. పిల్లల ప్రయాణము వచ్చు ఆదివారమునకు వాయిదా పడినది.