బోదకాలు అనుకొన్నాము



ఇది సంఘములో నోరు తెరచి చెప్పుకొనే సంగతి కాదని కొందరంటారు. మా కోడలే "వ్రాయండి అత్తయ్యగారూ" అన్నందున మేమిద్దరమూ కూర్చుని వ్రాస్తున్నాము.

మాది కూచిపూడి. మనుమడికి ఏడాది నిండాక, రెండో బిడ్డకు కొంత ఎడం ఉండాలని అబ్బాయి, కోడలు అనుకొన్నారు. అందులో మాకు తప్పు కనబడలేదు. మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొన్నారు, ఏ డాక్టరునూ అడగలేదు. మూడో అట్ట వాడుతుండగా కోడలి ఎడమ పిక్క వాచింది. మన డెల్టాలో కాలు వాస్తే మొదట వచ్చే మాట బోదకాలే గదా! రెండు రోజులు ఆముదం రాసి మర్దన చేశాము. గడ్డ ఉన్న కాలిని అలా పిసకరాదని తరువాత తెలిసి వణికిపోయాము. మూడో రోజు నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడింది. ప్రార్థన చేసుకొని వెంటనే బందరు తీసుకువెళ్లాము. తొడ దాకా సిరలో రక్తం గడ్డకట్టి, ఒక ముక్క ఊపిరితిత్తులకు చేరిందని స్కానింగులో తేలింది.

"మాత్రలేమైనా వాడుతున్నదా? పుట్టింట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా?" అని డాక్టరమ్మగారు అడిగారు. వియ్యపురాలికి కాన్పు తరువాత ఇదే వచ్చిందట. ఆ మాట మాకు ఆ రోజే తెలిసింది.

మాత్రలోని ఈస్ట్రోజన్ వలన రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను కాలేయము ఎక్కువగా తయారుచేస్తుందట. 1960లో అమెరికాలో మొదటి మాత్రకు అనుమతి వచ్చింది. 1961లోనే ఇంగ్లండులో ఒక డాక్టరు ఈ ప్రమాదాన్ని గూర్చి వ్రాశారు. తరువాత మోతాదు బాగా తగ్గించారు. మాలా-డి, మాలా-ఎన్ మాత్రలలో ఉన్నది 0.03 మిల్లీగ్రాములే. మాత్ర వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి గడ్డకడితే, ఇటువంటి మాత్ర వాడేవారిలో 5 నుండి 7 మందికి కడుతుంది. గర్భిణులలో అంతకంటె ఎక్కువే. కనుక మాత్ర విషమనే పెద్దల మాట మేము ఒప్పుకోము. అడగకుండా మింగడమే మేము చేసిన తప్పు.

కుటుంబములో ఎవరికైనా గడ్డకట్టి ఉన్నా, బి.పి. ఉన్నా, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వస్తున్నా, కాన్పయి ఆరు వారాలు నిండకపోయినా ముందే డాక్టరుకు చెప్పాలి. వాడుక మొదలైన తొలి నెలల్లోనే ప్రమాదం ఎక్కువ. ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగరాదు.

దేవుని కృపవలన కోడలు కోలుకొన్నది. రక్తం పలుచబడే మందులు నెలల తరబడి వాడి, అవి ఆపాక హార్మోను లేని కాపర్-టి వేయించుకొన్నది. ఈ నెలలో ఆమె చెల్లెలికి పెండ్లి. వియ్యపురాలు ఈసారి తన కాలి సంగతి చిన్నకూతురికి ముందుగానే చెప్పిందట.