అమ్మ, క్లచ్చు, పదమూడో ఎక్కం

నాకు కారు నడపడం వచ్చు. వచ్చు కాబట్టి నేర్పడం కూడా వచ్చనుకున్నాను. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో తెలియాలంటే మీరు మీ అమ్మగారి పక్కన కూర్చుని "క్లచ్ మెల్లగా వదులు" అని ఓసారి చెప్పి చూడాలి.

ముందు అసలు సంగతి. మాది కాకినాడ. నేను ఉద్యోగం పేరు చెప్పి హైదరాబాదులో ఉంటాను, అమ్మా నాన్నా అక్కడ. 2024 నవంబరులో ఒక రాత్రి రెండింటికి నాన్నకి గుండెల్లో నొప్పొచ్చింది. ఇంటిముందు కారుంది. పాత వాగన్ ఆర్. నాన్న దాన్ని కన్నకొడుకు కన్నా బాగా చూసుకుంటారు (ఆ కన్నకొడుకుని నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను :)). కానీ ఇంట్లో నడపడం వచ్చిన ఏకైక మనిషి నొప్పితో మంచం మీదున్నారు. అమ్మ 108కి ఫోన్ చేసి, ఊరుకోలేక వీధిలోకి పరిగెత్తి నాలుగిళ్ళ అవతలి కుర్రాణ్ణి లేపింది. అంబులెన్సు కన్నా ముందు అతనే వచ్చి మా కారులో ఆసుపత్రికి చేర్చాడు. స్టెంటు వేశారు. నాన్న ఇప్పుడు బావున్నారు.

నేను మర్నాడు చేరేసరికి అమ్మ ఏడవట్లేదు. "ఆ ఇరవై నిమిషాలూ తాళంచెవి నా చేతిలోనే ఉందిరా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అమ్మ ఒకట్రెండుసార్లు డ్రైవింగ్ నేర్చుకుంటానంటే నాన్న "నీకెందుకూ, నేనున్నానుగా" అన్నారట. ఆ మాట ఆయన ప్రేమగానే అని ఉంటారు. ఈసారి మాత్రం అమ్మ ఎవర్నీ అడగలేదు. లెర్నర్స్‌కి అప్లై చేసింది. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి, అదీ తెచ్చుకుంది. ఆవిడకి యాభై మూడు.

తర్వాత ఒక డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజులు. వాళ్ళ కార్లలో పక్క సీటు కింద కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి కదా. నేర్పేవాడికి పాపం ఒకరి తర్వాత ఒకరు శిష్యులు, ఆగిపోయిన బండిని పదేసిసార్లు స్టార్ట్ చేయించే ఓపిక ఎక్కణ్ణుంచొస్తుంది? రెండూ తనే తొక్కేసేవాడు. పదహారో రోజున అమ్మ తేల్చి చెప్పింది: "నేను స్టీరింగ్ పట్టుకున్నాన్రా, కారు ఆయన నడిపాడు."

అలా ఆ బాధ్యత నా మీద పడింది. మా మేనేజరు కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని రెండు వారాలు ఇంటినుంచి పని, తర్వాత ప్రతి శుక్రవారం రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్. సర్పవరం జంక్షన్ దాటి సామర్లకోట రోడ్డు వైపు వెళ్తే ఒక వెంచరుంది. రోడ్లు వేశారు, హద్దురాళ్ళు పాతారు, ఇళ్ళు లేవు. ఇంతకన్నా మంచి తరగతి గది దొరకదు.

మొదటి రోజు నా పాఠం ఇలా సాగింది. "క్లచ్... క్లచ్చమ్మా! అది బ్రేకు! మెల్లగా... మెల్లగా అంటే మరీ అంత మెల్లగా కాదు! ఎడమకి చూడు! అద్దంలో కాదు, బయటికి!" నలభై నిమిషాలకి అమ్మ కారాపి, తలుపు తీసుకుని దిగి, వెనక సీట్లో కూర్చుంది. "నువ్వే నడుపు, ఇంటికెళ్దాం."

దారిలో అడిగింది, "నీకు ఎక్కాలు చెప్పినప్పుడు నేనిలా అరిచానా?"

"అరిచావు. పదమూడో ఎక్కం దగ్గర చెవి మెలిపెట్టావు కూడా."

"అప్పుడొచ్చిందా?"

రాలేదు. ఎప్పుడొచ్చిందంటే, మొత్తం ఎక్కం అప్పజెప్పమనడం మానేసి, రోజూ రాత్రి అన్నం కలిపేముందు రెండే రెండు లైన్లు అడిగినప్పుడు. పదమూడేళ్ళు తొంభైఒకటి నాకిప్పటికీ పప్పు వాసనతోనే గుర్తొస్తుంది. ఆ రాత్రి కూర్చుని కారు నడపడాన్ని రెండేసి లైన్లుగా విడగొట్టాను. చేసేది సాఫ్టువేరు ఉద్యోగం కదా, ఒకేసారి నాలుగు మార్పులు చేసి "ఎందుకు పన్చెయ్యట్లేదో" అని తల పట్టుకునే కొత్తవాళ్ళని రోజూ తిడుతూనే ఉంటాను. ఇంట్లో నేను చేసిందీ అదే.

మర్నాడు ఇంజను అసలు స్టార్టే చెయ్యలేదు. సీటు సర్దడం ఒక్కటే ముందు. క్లచ్చు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. స్కూల్లో పదిహేను రోజులూ అమ్మ సీటు అంచున కూర్చుని కాలు సాచి సాచి తొక్కిందట! తర్వాత చీర. కుచ్చిళ్ళు పెడల్స్ మీద పడకుండా కాస్త ఎత్తి పిన్ను పెట్టుకుంది. హవాయి చెప్పులు బంద్, వెనక పట్టీ ఉన్నవి వచ్చాయి. సీటు కింద దొర్లుతున్న నీళ్ళ సీసా డిక్కీలోకి పోయింది. అది బ్రేకు కింద దూరితే ఇంకేమైనా ఉందా. ఆ తర్వాత కళ్ళు మూసుకుని గేర్లు మార్చడం. నేను "రెండు" అంటే రెండు, "మూడు" అంటే మూడు. కుడికాలి మడమ నేలకి ఆనించి, పాదం మాత్రం బ్రేకు నుంచి యాక్సిలరేటరుకీ, మళ్ళీ వెనక్కీ. అరగంట అదే పని.

రెండో పాఠం నేను గర్వంగా చెప్పుకునేది: కావాలని బండి ఆపేయడం. ఫస్టు గేరు వేసి క్లచ్చు ఒక్కసారిగా వదిలెయ్యమన్నాను. కారు ఓ ఎగురు ఎగిరి చచ్చిపోయింది. అమ్మ గుండె పట్టుకుంది. "ఏమైంది? ఏం కాలేదు. బ్రేకు, క్లచ్చు, న్యూట్రల్, తాళం. మళ్ళీ." పదిసార్లు చేయించాను. ఆరోసారికి ఆవిడ మొహంలో భయం పోయి విసుగొచ్చింది. నాక్కావలసిందీ ఆ విసుగే. ట్రాఫిక్‌లో బండి ఆగిపోవడం కన్నా, ఆగిపోయాక వెనక హారన్లకి కంగారుపడి చేసే పనులే ప్రమాదం. ఈ నాలుగు పనులూ చేతికొచ్చేస్తే హారన్ కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు.

ఆ తర్వాతే క్లచ్చు వదలడం. యాక్సిలరేటరు జోలికి వెళ్ళకూడదు. ఇప్పటి పెట్రోలు కార్లలో ఇంజను తన ఐడిల్ వేగాన్ని తనే కాపాడుకుంటుంది కాబట్టి, సమతలం మీద క్లచ్చు నెమ్మదిగా వదిలితే చాలు, కారు దానంతటదే కదులుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరగగానే ఆపెయ్యాలి. మళ్ళీ. రోజుకి ముప్ఫైసార్లు. క్లచ్చు పట్టుకునే చోటు ఎలా తెలుస్తుందో నేను రకరకాలుగా వర్ణించాను, ఒక్కటీ పన్చెయ్యలేదు. మూడో రోజు అమ్మే పట్టేసింది: "పాలు పొంగే ముందు గిన్నె చప్పుడు మారుతుంది చూడూ, అలాంటిదేరా." ఇంజను గొంతు దిగడాన్ని ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. ఆ పూట ఒక్కసారి కూడా ఆగలేదు.

బ్రేకుల పాఠానికి లెక్కలు పనికొచ్చాయి. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. అమ్మకి మీటర్లు చెప్తే తలూపుతుందంతే. కానీ ఐదున్నర మీటర్లంటే ఒక చీర! "ఇరవైలో వెళ్తుంటే, నువ్వు 'అమ్మో' అనేలోపు బండి ఒక చీర దూరం పోతుంది. నలభైలో రెండు చీరలు." అమ్మ వెంటనే, "అయితే ముందు బండికీ మనకీ మధ్య ఎన్ని చీరలుండాలి?" కనీసం రెండు సెకన్లు వదలాలి కాబట్టి నలభైలో నాలుగు చీరలు. ఇప్పటికీ మా కారులో దూరం కొలత అదే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుందని మాత్రం చెప్తే నమ్మలేదు. హద్దురాయి దగ్గర బ్రేకు తొక్కి, ఆగిన చోటికి అడుగులు వేసి కొలిచాం. ఇరవైలో ఓసారి, నలభైలో ఓసారి. నలభైకి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తున్న అమ్మ మధ్యలో వెనక్కి తిరిగి కారు వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ రోజునుంచి ఊళ్ళో ముప్ఫై దాటదు.

ఎడమ చక్రం ఎక్కడుందో తెలియకపోవడం కొత్తవాళ్ళందరికీ ఉండే జబ్బే. దీనికి మందు అమ్మే తెచ్చింది, ముగ్గుపిండి డబ్బా. రోడ్డు మీద వంద అడుగుల పొడుగున చెయ్యి వణక్కుండా ఒక గీత లాగింది. ఎడమ చక్రాలు దానిమీదే పోవాలి. దిగి చూసుకుంటే పిండి మీద టైరు అచ్చు సాక్ష్యం చెప్తుంది, నేను నోరెత్తక్కర్లేదు. మొదటి రోజు అచ్చు మూరెడు దూరంలో ఉంది. వారానికి బెత్తెడు. తర్వాత అదే ముగ్గుతో రివర్సు దారి, పార్కింగు గడి, ఎనిమిది అంకె. ఆ వెంచరు కాపలా ఆయన మేమేదో పూజ చేస్తున్నామనుకున్నాడు :)

ఇక ఎత్తు. కాకినాడ చదునుగా అరచెయ్యిలా ఉంటుంది, ఎత్తు కావాలంటే జగన్నాథపురం వంతెనే గతి. ఉదయం ఐదుంబావుకి వెళ్ళేవాళ్ళం. హ్యాండు బ్రేకు లాగి ఉంచి, క్లచ్చు చప్పుడు మారేదాకా వదిలి, కొంచెం యాక్సిలరేటరిచ్చి, కారు ముక్కు కాస్త పైకి లేచినట్టనిపించాక అప్పుడు హ్యాండు బ్రేకు దింపడం. వెనక్కి జారదని ఒక్కసారి నమ్మకం కుదిరాక అది పెద్ద విద్యేం కాదు. కుదిరేదాకా మాత్రం మా ఇద్దరికీ చెమటలే.

వీటన్నిటితోపాటు నాకూ ఒక డ్రిల్లు ఉండేది: నోరు. "జాగ్రత్త" అనే మాట వాడకూడదని పెట్టుకున్నాను. ఆ మాటకి కాలు ఏం చెయ్యాలో తెలియదు. "కాలు బ్రేకు మీదకి" అంటే తెలుస్తుంది. చెప్పేదేదో మలుపుకి ముందే చెప్పాలి, మలుపులో కాదు. నా ఎడమ చెయ్యి ఒళ్ళో, కుడి చెయ్యి హ్యాండు బ్రేకు పక్కన. లెర్నరు పక్కన లైసెన్సున్న మనిషి బండిని ఆపగలిగేలా కూర్చోవాలని రూలే ఉంది, నా దగ్గరున్న బ్రేకు అదొక్కటే.

రోడ్డెక్కాక అమ్మతో చూసినవన్నీ పైకి చెప్పించేవాణ్ణి. "ముందు పాల సైకిలు. ఆటో, ఆగుతుందేమో, డ్రైవరు పక్కకి చూస్తున్నాడు. ఆవు. ఆగిన లారీ, దానెనక ఎవరైనా ఉండొచ్చు. ఆ మేడకి రంగులేశారు, బాలేదు." చివరిది సిలబస్‌లో లేకపోయినా కళ్ళు దూరంగా చూస్తున్నాయని అర్థం కాబట్టి ఊరుకున్నాను. మూడో వారం, రామణయ్యపేట దగ్గర ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి ఒక పిల్లాడు సైకిలేసుకుని సర్రున అడ్డమొచ్చాడు. నేను "బ్రేకు!" అని కేకపెట్టేసరికి కారు అప్పటికే ఆగిపోయి ఉంది. "వ్యాను కింద చక్రం కనబడిందిరా" అంది అమ్మ. పిల్లాడు నవ్వి వెళ్ళిపోయాడు. మేం పక్కకి తీసి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, నావీనూ.

పరీక్ష సంగతి క్లుప్తంగా: మొదటిసారి రివర్సులో కర్రకి తగిలించి ఫెయిలైంది. వారం ఆగి మళ్ళీ వెళ్ళి పాసైంది. అమ్మ వయసువాళ్ళకి అరవై దాకానే ఇస్తారు లైసెన్సు. "అరవైకి మళ్ళీ వెళ్తాలే" అంది.

లైసెన్సొచ్చిన వారం నేను వెళ్ళినప్పుడు, ఇంకొక్క పాఠం మిగిలిందంది అమ్మ. నేనేదో హైవే అనుకున్నాను. కాదట. శనివారం రాత్రి రెండింటికి అలారం పెట్టింది.

దానికి తనే లిస్టు రాసుకుంది. తాళంచెవి తలుపు పక్క మేకుకి. కళ్ళజోడు దాని పక్కనే. ఫైలూ, మందుల చీటీ సంచిలో. గేటు రెండు రెక్కలూ తీసి రాళ్ళు అడ్డం పెట్టడం. మా సందులో రివర్సుకి అటో జానెడు ఇటో జానెడు, పైగా చీకటి. వెనక అద్దంలో కరెంటు స్తంభం కనబడగానే ఆగి, చక్రం పూర్తిగా తిప్పడం. ఇదంతా పగలు నాకు తెలియకుండా ఎన్నిసార్లు చేసుకుందో మరి, ఎక్కడా తడుముకోలేదు. నేను ఫోన్‌లో టైమర్ నొక్కి వెనక సీట్లో కూర్చున్నాను.

ఇంతలో లైట్లు చూసి నాన్న లుంగీలోనే బయటికొచ్చారు. "ఈ వేళప్పుడు ఏంటిది?" అన్నారు. ఎవరం జవాబు చెప్పలేదు. ఆయనకీ అర్థమైనట్టుంది. వచ్చి ముందు సీట్లో, ఎప్పుడూ అమ్మ కూర్చునే సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. వీధి చివర మలుపులో ఆయన కుడికాలు ఖాళీ నేలమీద బ్రేకు తొక్కింది, వెనకనుంచి చూశాను. భానుగుడి దగ్గర కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఎదురుగా లారీ వస్తే లైటు డిమ్ చేసింది, వాడు చెయ్యలేదు. "అటు చూడకు, ఎడమ అంచు చూడు" అన్నారు నాన్న మెల్లగా. ఆ దారిలో ఆయనన్న మాట అదొక్కటే.

ఆసుపత్రి గేటుకి తొమ్మిది నిమిషాలు. అమ్మ ఇంజనాపి, హ్యాండు బ్రేకు లాగి, టైమెంతని అడిగింది. చెప్పాను. కాసేపు గేటు లోపలి ట్యూబులైటు వైపు చూసి, గేటెదురుగా తెరిచున్న టీ కొట్టు చూపించింది. ముగ్గురం టీ తాగాం, నాన్నకి చక్కెర లేకుండా. తిరిగి కారెక్కాక నాన్న తలుపు సరిగ్గా పడలేదు.

"ఏవండీ, మళ్ళీ గట్టిగా వెయ్యండి" అంది అమ్మ, తాళం తిప్పకుండా.