నవాబు అప్పు, నా అప్పు

సంక్రాంతి పోయాక మా రెండో అమ్మాయికి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న రోజే అబ్బాయి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "బావగారూ, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో పాత బంగళా ఒకటి పెళ్ళిళ్ళకు ఇస్తున్నారంట. పిల్లలు ఆశపడుతున్నారు. ఒక్క రాత్రే కదా, సగం మేం వేసుకుంటాం" అన్నాడు. మంచి మనిషి, మర్యాదగానే అడిగాడు. నేను తల ఊపేశాను. ఊపేసి ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర లేదు.

ఎందుకంటే, పెద్దమ్మాయి పెళ్ళి కూడా ఏసీ కల్యాణ మండపంలోనే చేశాను. మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వేలు వడ్డీకే పోయేది. మిల్లు మూతపడ్డాక సెక్యూరిటీ పని చేసుకునేవాడికి ఆరు వేలంటే ఎంతో మన వాళ్ళకు చెప్పక్కరలేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళు ఏం తిన్నారో మరిచిపోయారు. నేను మాత్రం తొమ్మిదేళ్ళు మరవలేదు.

ఆ దిగులులోనే హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. మా మరదలి కొడుకు అక్కడ పెళ్ళి పందిళ్ళకు గుడ్డ కట్టే పని చేస్తాడు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికి చేరానో లేదో, "పెదనాన్నా, రేపు ఫలక్‌నుమాలో పని. పనివాళ్ళ లిస్టులో నీ పేరు కూడా రాయిస్తాను, రా" అన్నాడు. అట్లా వ్యానులో గుడ్డ తానులతో పాటు నేనూ కొండెక్కాను.

ఆ కోట చార్మినారుకు ఐదు కిలోమీటర్ల దూరం ఉంటుంది. 32 ఎకరాల్లో కొండ నెత్తిన కూర్చుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం చెబుతారు. పైనుంచి చూస్తే ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది. ముందు వాకిలి పెద్దవాళ్ళది. అక్కడ అతిథులను గుర్రపు బండిలో తీసుకొస్తారు. మా వ్యాను వెనక దారిన పోయింది. అందులో నాకేం బాధ లేదు, మిల్లులో కూడా మేనేజర్ల గేటు వేరు, మన గేటు వేరు.

తాను ఒకటి భుజాన వేసుకోగానే నా వేళ్ళు ఊరుకోలేదు. వీవింగ్ ఖాతాలో ఇన్నేళ్ళు చేసినవాడికి గుడ్డ పట్టుకుంటే పడుగెంత, పేకెంత అని చూడడం రోగం లాంటిది. పాలియెస్టర్ శాటిన్. మెరుపే గానీ బలం లేదు. అట్లాంటివి నలభై తానులు. "ఇదంతా ఒక్క రాత్రికేనా రా?" అంటే, "మళ్ళీ వాడతాం పెదనాన్నా, మరక పడకపోతే" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ వాడే చెప్పాడు ఆ ఇంటి కథ. దాన్ని కట్టింది నిజాం కాదంట. పైగా వంశంలో నవాబు వికారుల్ ఉమ్రా కట్టించాడు, హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా చేసిన మనిషి. 1884లో పునాది వేస్తే పూర్తి చేయడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించాడు. ఒకేసారి 101 మంది కూర్చుని తినే బల్ల చేయించాడు. అప్పట్లోనే నలభై లక్షలయిందంటారు. అంత నవాబూ అప్పులపాలయ్యాడు! ఆఖరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను అతిథిగా పిలిచి, మెచ్చుకున్నాడని ఇల్లే నజరానాగా ఇచ్చేశాడంట. నిజాం ఊరికే తీసుకోకుండా డబ్బిచ్చాడంట. ఆ నిజాం 1911లో అక్కడే కన్నుమూశాడు.

"అప్పు చేసి కట్టాడా? నవాబా?" అని నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ముద్ద దిగలేదు.

తర్వాత సంగతి మీకూ తెలిసే ఉంటుంది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దిగారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తాళమే. తాజ్ హోటలు వాళ్ళు తీసుకుని, పదేళ్ళు మరమ్మతు చేయించి, 2010 నవంబరులో 60 గదులతో తెరిచారు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్ళి అక్కడే జరిగింది. 2017లో అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకాకు మన ప్రధాని విందు ఇచ్చింది ఆ 101 మంది బల్ల మీదే.

అద్దెకిస్తున్నారని నాకు కడుపుమంట లేదు. అద్దె రాకపోతే ఆ పైకప్పు ఎప్పుడో కూలేది. వడ్రంగి, వంటవాడు, మాలి, మా మరదలి కొడుకు, అందరూ ఆ ఇంటి మీద నాలుగు మెతుకులు తింటున్నారు. పెరంబూరులో మన మిల్లుల తాళం తీయడానికి అట్లా ఎవరూ రాలేదు. ఆ స్థలంలో సినిమా సెట్లు వేశారు, అపార్టుమెంట్లు లేచాయి. నవాబు ఇంటికి దొరికిన రెండో బతుకు మగ్గాలకు దొరకలేదు. ఆ మాట వేరు. ఆ ఇల్లు అద్దెతో సంపాదిస్తుంది, నేను అద్దె కట్టి ఏం సంపాదిస్తాను?

అత్తిపట్టు తిరిగొచ్చి వియ్యంకుడికి ఫోన్ చేశాను. చేతులు వణికాయంటే నమ్మండి, మాట తప్పుతున్నానని. నవాబు కథ చెప్పి, "ఆయనకు నిజాం ఉన్నాడు బావగారూ, నాకెవరున్నారు?" అనేశాను.

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. సంబంధం పోయిందనే అనుకున్నాను. తర్వాత మెల్లగా, "మా సగానికి కూడా నేను వడ్డీకే మాట్లాడి పెట్టాను బావగారూ. మీరు తప్పుగా అనుకుంటారని చెప్పలేదు" అన్నాడు.

ఇద్దరం ఒకరికొకరం భయపడి బంగళా కుదుర్చుకోబోయాం!

మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "భోజనాలు బాగుండాలి నాన్నా, అంతే" అంది. వైశాఖంలో మా వీధి అమ్మవారి గుడి ముందర ముహూర్తం, వీధిలోనే షామియానా, అరిటాకు భోజనం. మరదలి కొడుకు రెండు రోజుల ముందే వచ్చి, ఫలక్‌నుమాలో కట్టిన తానులు నాలుగు తెచ్చాడు. ఒకదానికి అంచున నూనె మరక ఉంది, ఇక అక్కడికి పనికిరాదంట.

మరక కనపడకుండా లోపలికి మడిచి నేనే కుట్టాను. పీటల వెనక కట్టింది అదే.