కొండగొఱ్ఱె చీటి

మా అక్క కుమారుడు అమెరికాలోని ఐడహో రాష్ట్రమున, బోయిసీ నగరమందు ఉద్యోగము చేయుచున్నాడు. ఈ ఏప్రిలులో అతడు నాకొక చిత్రమైన ప్రశ్న వ్రాసెను. "మామా, కొండగొర్రె వేటకు ఈసారి ఏ స్టేట్‌ల అప్లై చేయాలె?" కంఠేశ్వరులో కూర్చుండి సంస్కృతమును, ఆంగ్లమును బోధించుకొను నాకు వేటతో నేమి పని? ఇక్కడ మాకు అడవిమృగమనగా బోధను చెఱకుతోటలలో బడు పందియే. అయినను పిల్లవాడు అడిగినాడు గనుక, వాడు పంపిన నియమావళులన్నియు చదివితిని.

ఆ గొఱ్ఱెను అక్కడివారు బిగ్‌హార్న్ అందురు. పొట్టేలి కొమ్ములు చుట్టలు తిరిగి చెంపలమీదికి వచ్చును. ఒకప్పుడు పడమటి కొండలందు విరివిగా నుండిన యీ జాతి విచ్చలవిడి వేటచేతను, పెంపుడు గొఱ్ఱెలనుండి సోకిన రోగములచేతను చాలచోట్ల నశించినది. మిగిలినవానిని కాపాడుటకై ఒక్కొక్క కొండపట్టునకు ఏటికిన్ని పొట్టేళ్లని నిర్ణయించి, ప్రభుత్వమువారు అన్ని చీట్లే యిత్తురు. వానికి ట్యాగులని పేరు. చీట్లు కొద్ది, అడుగువారు వేలు. కావున లాటరీ తప్పదు.

మా అక్కకు ఈ సంగతి తెలిసి మండిపడినది. "కూర కావాలంటే కొట్ల దొరకదా? గుట్టలెక్కి సంపుడేంది?" ఆమె మాట త్రోసివేయదగినది కాదు. రఘువంశము తొమ్మిదవ సర్గలో దశరథుని వేట ఎట్లు ముగిసినదో పిల్లలకు చెప్పువాడను నేనే. కాని ఒక భేదము కలదు. మాకు దక్షిణముననున్న పోచారం అడవి నిజాము ప్రభువుల వేటపట్టు. 1952లో అది అభయారణ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి చట్టమును, 1991లో దానికి జరిగిన సవరణయు వినోదపు వేటను దేశమంతటను మాన్పించినవి. అనగా నాడు ప్రభువుకు హక్కు, నేడు ఎవ్వరికిని లేదు. మృగము ప్రజలందఱి సొత్తు గనుక చీటివేసి పంచుకొందమను మార్గము మనమెఱుగము. అది మనకు వలయునని నేననను. కాని అక్కడ తుపాకులమీదను తూటాలమీదను 1937 నుండి వసూలగు పన్ను వన్యప్రాణుల పోషణకే పోవుచున్నదనియు, తినదగిన మాంసమును కొండపై వదలివచ్చుట ఐడహోలో నేరమనియు అక్కకు చెప్పితిని. ఆమె సగము మాత్రమే శాంతించినది.

ఆ పద్ధతియు నిష్కళంకము కాదు. 2013లో మొంటానావారు ఒక్క చీటిని వేలము వేయగా 4,80,000 డాలర్లు పలికినది. సొమ్ము గొఱ్ఱెల రక్షణకే యందురు, నిజమే. మన దేవాలయములలోని ప్రత్యేక దర్శనపు టిక్కెట్టునకును ఇట్టి సమాధానమే చెప్పుదురు.

పిల్లవాని మనస్సు మొంటానామీద నున్నది. అక్కడి కొమ్ములు పెద్దవట. అక్కడ ఓడిన యేటికొక పాయింటు చొప్పున చేరును. ఆ సంఖ్యను వర్గించి చీట్లు వేయుదురు గనుక పది పాయింట్లవానికి నూఱు చీట్లు పడును. నేడు చేరినవాడు ఆ నూఱింటితో ఒంటిచీటితో పోరాడవలెను. వయోమింగులో నాలుగింట మూడువంతులు పాయింట్లు మిక్కిలిగా గలవారికే; పైగా 2023 నుండి నూటికి తొంబది చీట్లు స్థానికులవి. మన పిల్లవాడు అక్కడ వరుసలో నిలిచి ముసలివాడగును. ఐడహోలో పాయింట్లే లేవు. ముప్పదియేండ్లు అడిగినవాడును, నిన్న వచ్చినవాడును సమానులే. కాని అచ్చట గొఱ్ఱె, కొండమేక, మూస్ అను పెద్దదుప్పి, ఈ మూటిలో ఏటికొక్కదానినే కోరవలెను.

ఐడహోయే మేలని వ్రాసితిని. అందును ఏ కొండ? సామన్ నది లోయలలో అనాదిగా నున్న మంద కలదు. ఆ గొఱ్ఱెలపేరనే "గొఱ్ఱెతిండివారు" అనిపించుకొన్న షోషోనీ జనులు అక్కడ నివసించిరి. బోయిసీకి దక్షిణమున ఓవైహీ లోయలు కలవు. అక్కడి మంద 1963లో కెనడానుండి తెచ్చి వదలినది. నేను ఓవైహీ యంటిని. కొమ్ములు చిన్నవైన కానిమ్ము. చీటి ఇరువదియేండ్లు రాకపోవచ్చును. దూరపు రాష్ట్రమును నమ్మినవాడు ఆ యిరువదియేండ్లును అంకెలు చూచుకొనుచు గడుపును. సెలవుదినమున పోయిరాగల లోయయైనచో నీటిపట్టులు తెలియును, పిల్లలు నిలిచినవో లేదో తెలియును. గొఱ్ఱె దగ్గుచున్నచో అధికారులకు చెప్పవచ్చును. మందకు మంద దగ్గుపట్టి పోవుట మన గొల్లకురుమలకు క్రొత్త కాదు, అక్కడి కొండలను బాధించునదియు ఆ జాడ్యమే.

కొమ్ముల ముచ్చట తీరలేదని రెండుసార్లు వాదించి, తుదకు వాడు ఓవైహీకే దరఖాస్తు పెట్టెను. ఫలితము జూనులో తెలియును. ఈలోగా ఒక ఆదివారము నీళ్లు మోసికొని పోయి, ప్రొద్దుగూకువఱకు దుర్భిణీతో వెదకి, నాలుగు ఆడగొఱ్ఱెలను, వాని పిల్లలను చూచి వచ్చినాడు. పొట్టేలు కనబడలేదు. ఆ ఛాయాచిత్రమును మా అక్క ఫోనులో పెద్దదిగా చేసి చూచి, పిల్లలు మూడే యున్నవేమని అడిగినది. నీలకంఠేశ్వరునకు మ్రొక్కుకొన్నదట. చీటి వచ్చుటకా, రాకుండుటకా యని నేనడుగలేదు.