ఏడున్నూ ముప్పై

జర్మనీ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మిత్రులు నన్నడిగే మొదటి ప్రశ్న, "అక్కడ చలి ఎలా వుంటుందిరా?" అని. నేను వెళ్ళింది వేసవిలో. చలి సంగతి నాకు తెలియదు. మూగతనం సంగతి కావాలంటే చెబుతాను.

2024 మే నుంచి మూడు నెలలు గాటర్స్‌లేబెన్ అనే ఊళ్ళో ఉన్నాను. ఊరంటే నిజంగా పల్లెటూరే. చుట్టూ గోధుమ, బార్లీ పొలాలు, దూరంగా హార్ట్స్ కొండలు. ఆ పల్లెలోనే ఆ దేశపు పెద్ద విత్తన భాండాగారం ఉంది. సుమారు లక్షన్నర నమూనాలను సున్నాకి 18 డిగ్రీలు దిగువన దాచి ఉంచుతారు. అప్పుడప్పుడూ కొన్ని గింజలు తీసి, ఇంకా మొలకెత్తుతాయో లేదో చూడాలి. ఆ పనిలో నేనొక చేతిసాయం.

మొలక చూడడం నాకు కొత్తా? తొలకరికి ముందు మా నాన్న తడి గోనెగుడ్డలో నూరు గింజలు చుట్టి, మూడోనాడు విప్పి లెక్కపెట్టేవాడు. అక్కడ గోనె బదులు తడి కాగితం, 20 డిగ్రీలుండే పెట్టె. బార్లీకి నాలుగో రోజొక లెక్క, ఏడో రోజొక లెక్క. పని తెలిసిందే. మాటే తెలియదు.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్లో మాస్టారు "అండర్‌స్టాండ్?" అంటే క్లాసంతా తలూపేది, నేనూ ఊపేవాణ్ణి. తరవాత నానా తంటాలూ పడి ఇంగ్లీషు పట్టుకుని, ఇక ఎక్కడైనా బతికేస్తాననుకున్నాను. తీరా వెళితే, నాకు పని చూపించే టెక్నీషియన్ గారికి అరవయ్యేళ్ళు. తూర్పు జర్మనీ రోజుల్లో, అంటే 1990కి ముందు, బడిలో ఆవిడ నేర్చుకున్నది రష్యన్! ఇంగ్లీషు వచ్చిన పరిశోధక విద్యార్థులు కనబడేది రోజుకో పది నిమిషాలు. మిగతా పొద్దంతా ఆవిడా, నేనూ, గింజలూ.

దిగింది శనివారం రాత్రి. ఆదివారం దుకాణాలన్నీ మూత. అమ్మ కట్టిచ్చిన సున్నుండలే గతి. మర్నాడు మధ్యాహ్నం నడవాలో ఎదురైన ప్రతివాళ్ళూ "మాల్‌త్సైట్" అంటుంటే, ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను. భోజనవేళ పలకరింపట!

మొదటి వారంలోనే ఒక మంత్రం కనిపెట్టాను: "యా, యా." ఆవిడ ఏం చెప్పినా యా, యా. ఆవిడా సంతోషించేది.

అంకెల దగ్గర దొరికిపోయాను. వాళ్ళు ముప్పై ఏడుని "ఏడున్నూ ముప్పై" అంటారు. ఆవిడ "జీబెన్ ఉంట్ డ్రైసిష్" అని చెబుతుంటే, వినబడిన వరసలోనే ముందు 7, పక్కన 3 వేసుకుంటూ పోయాను. నాలుగో రోజు పెట్టె తెరిస్తే 73 అని రెండు పళ్ళేలు! ఒకదానిమీద 7కి నడుం దగ్గర అడ్డగీత ఉంది, అది ఆవిడ రాత. రెండోది నాది.

నేను రాసినవి పద్దెనిమిది. అన్నీ తిరగేసి దిద్దేస్తే ఎవరికీ తెలియదు. కానీ కొన్ని ఆవిడ కాగితం మీద వేలుపెట్టి చూపించింది, అవి సరిగానే రాశాను. అవి ఏవి? పైగా కొన్ని రకాల గింజలు సంచీలో కొద్దిగానే మిగిలాయి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న అంతా విని, "గింజలు వాళ్ళవి గదరా, చెప్పెయ్" అన్నాడు.

తెల్లవార్లూ ఒక్క వాక్యం వల్లించాను. "ఇష్ హాబె నిష్ట్ ఫెర్‌ష్టాండెన్." నాకు అర్థం కాలేదు అని. ఇంటర్లో రెండేళ్ళూ నోట రాని వాక్యం అది.

ఆవిడ "వాన్?" అంది. ఎప్పుడు అని. గోడమీది క్యాలెండర్లో నేను చేరిన రోజు చూపించాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకుంది. తరవాత నాకో కుర్చీ లాగి వేసింది. పద్దెనిమిదీ మళ్ళీ పెట్టాం. రెండు రకాలకి గింజలు చాలక యాభయ్యేసితో సరిపెట్టాం.

ఆనాటినుంచీ ఆవిడ అంకెలు కాగితం మీద రాసి చూపించేది. నేను వాటిని తెలుగులో పైకి చదివేవాణ్ణి. జూలై చివర్లో ఒకరోజు ఆవిడే "ముపాయ్ యేడూ" అంది. 37 వేశాను. అయినా పళ్ళెం వంచి, నా రాత మరోసారి చూసుకునే పెట్టెలో పెట్టింది.