బాకీ ఎక్కడుంటుంది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద డబ్బు కన్నా ముందు మాట తిరుగుతుంది. చెరువు లీజుకు వస్తుంది, మేత అరువుకు వస్తుంది, పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటారు. చేబదులు పెద్దదైతే ప్రోనోటు రాసుకుంటారు. నోటు బీరువాలో ఉంటుంది. మరి బాకీ ఎక్కడుంటుంది?

బీరువాలో ఉందనలేం. కాగితం కాలిపోతే రుజువు పోతుంది గాని బాకీ పోదు. బాకీదారు మనసులో ఉందందామా? అతను మరిచిపోయినా, నిద్రపోతున్నా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అతను కన్నుమూస్తే, వదిలివెళ్లిన ఆస్తి మేరకు వారసులు తీర్చాల్సిందే. దావా వేయడానికి ఊరు కావాలి కాబట్టి నోటు రాసిన చోటో, బాకీదారు ఉండే చోటో చూస్తారు. ఆ చిరునామా కేసుది, బాకీది కాదు.

చోటు లేని దీనికి తేదీ మాత్రం ఉంది. ఒకనాడు పుడుతుంది, నెలనెలా పెరుగుతుంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద, రాసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలంటుంది 1963 నాటి కాలపరిమితి చట్టం. ఆలోగా కొంత సొమ్ము కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. గడువు దాటిందా, నోటుకు కాలదోషం పడుతుంది. కాగితం ఉన్నచోటే ఉంటుంది, సంతకం చెరగదు, అయినా కోర్టులో నిలవదు.

తెలుగువాడైన తార్కికుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో తొమ్మిది ద్రవ్యాలు, అంటే మూలపదార్థాలు, లెక్కపెడుతూ కాలాన్నీ, చోటుకు ఆధారమైన దిక్కునూ వేరువేరుగా చెప్పాడు. ఆ విభజన ఎంత లోతైనదో బాకీని చూస్తే బోధపడుతుంది. ‘ఎక్కడ’ అంటే పలకనిది ‘ఎప్పుడు’ అంటే తు.చ. తప్పకుండా జవాబిస్తుంది. స్నేహం, పగ, ఇచ్చిన మాట, ఇద్దరు కలిసి నిలబెట్టుకున్న సంసారం, అన్నీ ఈ కోవలోవే. మన బతుకులో బరువైనవాటిలో చాలావాటికి చోటు లేదు.

చోటు లేనందువల్ల వాటికి ఒక బలం ఉంది. వరదకు కొట్టుకుపోయిన గట్టును తిరిగి వేస్తే అది కొత్త గట్టే. బాకీ అలా కాదు. కాలదోషం దావా వేసే హక్కును తీసేస్తుంది గాని బాకీని చంపదు. గడువు దాటాక కూడా, ఇస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఒప్పుకుంది. ఒక్క సంతకంతో నిలబడేది కొత్త అప్పు కాదు, పాతదే.

తండ్రి రాసిన పాత నోటు ఎవరైనా తెచ్చి చూపిస్తే, దావా భయం లేకపోయినా లెక్కకట్టి ఇచ్చే కొడుకును మన ఊళ్లు గౌరవిస్తాయి. ఆ గౌరవం సరైనదే. కాలం అతణ్ని వదిలేసింది, అయినా అతను వదల్లేదు. చోటు లేనివన్నీ చివరికి ఆధారపడేది అలాంటి మనుషుల మీదే.