వెనుక కూర్చున్నవారి తప్పు కాదు

ఒక చిన్న రబ్బరు ముక్క వలన నేను తెలుసుకున్న సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అది 1997వ సంవత్సరం. నేను పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరిలో ఉపాధ్యాయునిగా పనిచేస్తున్నాను. మాకు ఒక పాత మోటారు సైకిలు ఉండేది. బడికైనా, బజారుకైనా, ఆదివారం ఆరాధనకైనా అదే మా వాహనం. వెనుక నా భార్య, ఆమె ఒడిలో పాప కూర్చునేవారు.

ఆ ఏడు వానలు వెలిసిన దగ్గరనుండి బండి వెనుక భాగం ఊగడం మొదలైంది. కాలువ గట్టు మీద మలుపు తిరిగితే చాలు, వెనుక చక్రం పక్కకు జరిగినట్లు అనిపించేది. "కదలకుండా కూర్చోలేవా?" అని నా భార్య మీద విసుక్కునేవాడిని. "నేను కదలడం లేదండీ" అని ఆమె చెప్పినా నమ్మేవాడిని కాను. పాపం, కొన్నాళ్లకు ఆమె ఊపిరి బిగబట్టి కూర్చోవడం అలవాటు చేసుకుంది. అది నాకు తెలియలేదు. బండి నడిపేవాడి కళ్లు ముందుకే గదా ఉండేది!

ఒక ఆదివారం ఎదురుగా ఇటుకల ట్రాక్టరు వచ్చింది. నేను గట్టు అంచుకు తప్పుకోగానే బండి వెనుక భాగం కాలువ వైపుకు లాగేసింది. కాలు ఆనించి ఎలాగో ఆపగలిగాను. నా భార్య ఒక్క మాట అనలేదు. దిగి, పాపను చంకనెత్తుకొని నడవసాగింది. ఆ మౌనం నన్ను గుచ్చింది.

మరునాడు పాలకొల్లులో మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. అతడు బండిని సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రాన్ని పట్టుకొని అటూ ఇటూ ఊపాడు. "చక్రం ఒక్కటే ఊగితే బేరింగు పోయినట్లు మాస్టారూ. ఇక్కడ చక్రంతోపాటు స్వింగ్ ఆర్మ్ కూడా ఊగుతోంది, చూడండి. బుష్‌లు అరిగిపోయాయి" అన్నాడు.

స్వింగ్ ఆర్మ్ అంటే వెనుక చక్రాన్ని బండి చట్రానికి కలిపే రెండు కొమ్ముల ఇనుప చేయి. గుంటలలో అది పైకీ కిందికీ ఆడాలి గాని పక్కకు కదలకూడదు. దాని మొదట్లో ఒక పొడవాటి బోల్టు ఉంటుంది. ఆ బోల్టుకు రెండు వైపులా, ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగిలి వదులైపోతుంది. బయటకు ఏమీ కనబడదు.

అతడు గొలుసు, చక్రం, షాక్ అబ్జార్బర్ల కింది నట్లు విప్పాడు. తుప్పు పట్టిన బోల్టు రావడానికే గంట పట్టింది. పాత బుష్‌లను వైస్‌లో నొక్కి తీశాడు. కొత్తవాటిని సుత్తితో కొట్టలేదు. "వంకరగా దిగితే మళ్లీ మొదటికే వస్తుంది" అంటూ వైస్‌తోనే నిదానంగా దింపాడు. బోల్టుకు గ్రీజు రాశాడు, రబ్బరుకు మాత్రం అంటనివ్వలేదు.

అన్నీ బిగించాక ఆ పొడవాటి బోల్టు నట్టు ఒక్కటి వదులుగా ఉంచి, బండిని స్టాండు దించి నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. ఎందుకని అడిగాను. "చక్రం వేలాడుతుండగా బిగిస్తే మీరు ఎక్కగానే రబ్బరు మెలి తిరుగుతుంది. ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. బరువు మీద ఉన్నప్పుడే బిగించాలి మాస్టారూ" అన్నాడు.

ఇంటికి వచ్చి పాత బుష్‌లు నా భార్య చేతిలో పెట్టాను. "కదిలింది నువ్వు కాదు, ఇవి. నన్ను క్షమించు" అన్నాను. ఆమె వాటిని తిప్పి చూసి, "ఇంత చిన్నవాటికా నాకు ఇన్ని చీవాట్లు!" అని నవ్వింది. ఆ సాయంత్రం అదే గట్టు మీద వెళ్లాము. మలుపు దగ్గర ఆమె చేయి నా భుజం మీద తేలికగా ఆనింది.

మీ బండి వెనుక ఊగుతున్నదా? వెనుక కూర్చున్నవారిని కసురుకొనే ముందు, స్టాండు వేసి చక్రాన్ని ఒకసారి ఊపి చూడండి.